గేటు పక్క రాయి

దిల్‌సుఖ్‌నగర్,
12 జులై 2025.

చిరంజీవి అమలకు అక్క విజయదుర్గ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమమని రాయాలి, కానీ ఈసారి ఆ మాటకు చెయ్యి రావడం లేదు. మీ ఆయన రిటైరయ్యారు, వచ్చే నెల కాకినాడ వదిలి మా కాలనీలోని నీ ఇంట్లో దిగుతామని రాశావు. అప్పుడే రాకండి. నువ్వు కంగారుపడకు, ఆ పనంతా నేనే చేస్తున్నాను.

చెరువు పార్కులో పెట్టే బోర్డుకి చరిత్ర రాసిమ్మని మా వాకింగ్ వాళ్లు అడిగారు. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినదాన్ని, వదులుతానా? నవాబుల కాలంలో పొలాల కోసం తవ్విన సంగతి, ఇప్పటి పడవ షికారు, పిల్లల ఉయ్యాలలు, వినాయక నిమజ్జనానికి వరసగా నిలబడే క్రేన్లు, అన్నీ రాశాను. పాత విషయాల కోసం భిక్షపతిని పట్టుకున్నాను. ఎనభై దాటినవాడు, చిన్నప్పుడు ఆ చెరువులోనే చేపలు పట్టాడు. నీళ్లు ఎంతవరకు ఉండేవని నోరుజారి అడిగాను. నన్ను పార్కు దాటించి, మూడు వీధులు నడిపించి, నీ గేటు పక్కన నిలబెట్టాడు. గీ రాయి దాంక నీళ్లే టీచరమ్మా, మా నాయిన పడవ గీడనే కట్టేటోడు, గిది దేవుడు కాదు, చెరువు హద్దురాయి అన్నాడు.

నువ్వు వచ్చినప్పుడల్లా ప్రదక్షిణ చేసే ఆంజనేయస్వామి రాయే అది. దానికి చెరువు వైపున నీ ఇల్లు, అవతల రోడ్డు, రోడ్డుకి ఆ పక్కన మా ఇల్లు.

బోర్డు కాగితంలో ఆ మాట రాయలేదు. మంగళవారం సర్వేవాళ్లు, చెరువు హద్దు లోపలున్న ఇళ్లు కూల్చడానికట, హద్దురాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. నేను కిటికీ చాటు నుంచి చూస్తూ నిలబడ్డాను. వాళ్లలో ఒకతను చెప్పులు విడిచి రాయికి దణ్ణం పెట్టి, సిందూరం బొట్టు పెట్టుకుని వెళ్లిపోయాడు. బతికిపోయామనుకున్నాను.

గురువారం రెండు గంటలు వాన కురిసింది. నీళ్లు నీ పెరటి గోడ కిందనుంచి వచ్చి, వంటింట్లో మోకాలి లోతు నిలిచి, సరిగ్గా ఆ రాయి దగ్గర ఆగాయి. నీ ఇంట్లో కిరాయికున్న జ్యోతిక తన పాపను చంకనేసుకుని మెట్ల మీద నిలబడి, ఇంక పెరుగుతయా ఆంటీ, నాకు జర భయమైతుంది అంది. వాళ్లిద్దరినీ మా మేడ మీది గదిలోకి తెచ్చుకున్నాను. అప్పటినుంచి మబ్బు పడితే నాకు అన్నం సయించడం లేదు.

మీ అక్క,
విజయదుర్గ

తా.క. పైన రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఇరవై రెండేళ్ల కింద నువ్వు ఆ స్థలం చూడటానికి వస్తున్నావని తెలిసి, ముందురోజు కర్మన్‌ఘాట్ గుడి దగ్గర సిందూరం కొనుక్కొచ్చాను. రాయి మీద చెరువు హద్దు అని చెక్కి ఉండేది. అక్షరాలు కనపడకుండా మెత్తింది నేనే. నువ్వు నా పక్కనుంటే చాలనుకున్నాను. ఇవాళ పొద్దున పాత చెంచాతో గీకాను. అక్షరాలు చెక్కుచెదరలేదు. సర్వేవాళ్లకి చెప్పాలో వద్దో నువ్వే చెప్పు. ఇప్పుడు వానకన్నా నీ జవాబుకే ఎక్కువ భయపడుతున్నాను.