పసుపు ఎవరిది?

సారమ్మా, పసుపు ఏ దేవునిదో చెప్పగలవా?

రేపు మన బిడ్డ పెండ్లి. నలుగు అన్యుల ఆచారమని, పెట్టొద్దని చర్చి సంఘపెద్దలు పొద్దున్నే ఇంటికొచ్చి చెప్పారు. ఆ మాట విని, పక్కింటి లక్ష్మక్క పసుపు గిన్నెతో గడప దగ్గరే ఆగిపోయింది.

నువ్వు ఆర్మూర్ మార్కెట్ యార్డులో కూలికి పసుపు చెరిగి, మోచేతుల దాకా పచ్చగా ప్రార్థనకు వచ్చేదానివి. "గిదేంది, పెండ్లిపిల్ల లెక్క?" అని పెద్దలు అడిగితే, "నేను రోజూ పెండ్లిపిల్లనే అయ్యగారూ" అని నవ్వేదానివి. నువ్వు పోయినా నీ బైబిలు అంచులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

ఆ బైబిలే వాళ్ల ముందు తెరిచాను. "భూమి మొలిపించింది మంచిదని దేవుడే అన్నడు. నేను విగ్రహానికి మొక్కుతలేను, బిడ్డను దీవిస్తున్న."

"గట్లయితే మేం పెండ్లికి రాం" అని లేచారు.

నేను గడప దగ్గరికి నడిచాను. "లోపలికి రా అక్కా. గిన్నెల పసుపు ఆరిపోతది. ఇయ్యాలనే, ఇప్పుడే పెట్టు."