ఘాటు పాటలో తుమ్ము

ఫిబ్రవరి 9, ఆదివారం
ఈరోజు దమ్మపేట చర్చిలో మళ్లీ మా పాట పాడారు. అది మా పాటని నాకు, మా అత్త జోజమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. మాటలు మారాయి, ప్రభువు వచ్చాడు. ట్యూన్ మాత్రం మా రాక్ పాట ‘ఘాటు’దే. పాస్టర్ షాలేమ్‌రాజు కళ్లు మూసుకుని చప్పట్లు కొట్టారు. పక్కన మా ఆయన జస్టిన్ ఉంటే మోచేత్తో పొడిచి నవ్వేవాడు. పోయిన నెల ఆయన్ను మట్టిలో పెట్టి వచ్చాం.

ఫిబ్రవరి 11
ఆ పాటను అప్పట్లో ఖమ్మం మిర్చి యార్డు వెనక కిరాయి గదిలో రికార్డ్ చేశాం. ఆయన గిటార్, గొంతు. నేను డ్రమ్స్. అప్పటికి మాకు పెళ్లి కాలేదు. కిటికీలోంచి ఘాటు కొట్టి, చరణం మధ్యలో ఆయన తుమ్మాడు. అలాగే వదిలేశాం. తర్వాత కాలేజీ బ్యాండ్లు ఆ పాట పాడుతూ సరిగ్గా అక్కడే తుమ్మేవి. ఇప్పుడు డీజే కోటేష్ పాటంతా తీసేసి, తుమ్మునే తిప్పి తిప్పి రీమిక్స్ కొట్టాడు. పెళ్లి ఊరేగింపు బరాత్‌లో ఊరంతా దానికే ఎగురుతుంది. పెళ్లికి పోతూ తుమ్మేమిటని ఏ పెద్దమనిషీ అడ్డుపడడు. ఇద్దరం ఎంత నవ్వుకున్నామో.

ఫిబ్రవరి 14
జ్ఞాపకార్థ కూడికలో ఒక్కసారి ఆయన గొంతు వినపడాలి. నాకు కావాల్సింది అదొక్కటే. పాస్టర్‌ను అడిగాను. దేవుని మందిరంల రాక్ పాట ఏందమ్మా అన్నారు. ఆదివారం మీరు చప్పట్లు కొట్టింది దేనికో చెబుదామనుకున్నాను. చెబితే అదీ ఆపేస్తారు.

ఫిబ్రవరి 18
మా దగ్గరున్న ఒక్క పాత క్యాసెట్ పెట్టి చూశాను. టేపు ముద్దయిపోయింది. ఏడ్చాను.

ఫిబ్రవరి 20
సాయంత్రం కూడిక. చివర్లో ఆ ట్యూనే పాడుతున్నారు. రోడ్డు మీద బరాత్ వచ్చింది, కోటేష్ డీజే. తుమ్ము వస్తుందనగా టక్కున సౌండ్ ఆగింది.

బయటికి ఉరికాను. లోపల జస్టిన్ అన్న కూడిక నడుస్తుంది గదక్కా, మర్యాదుండాలె, గేటు దాటినంక పెడ్తం అన్నాడు కోటేష్. బంగారం లాంటి పిల్లవాడు. అయినా ఒళ్లు మండింది. పెట్టు తమ్మీ, నువ్వు బంద్ జేసింది మీ అన్న గొంతే అన్నాను. ఫుల్లు సౌండ్ పెట్టాల్నా అక్కా అన్నాడు. అవ్ అన్నాను.

చర్చి కిటికీలు అదిరాయి. పాస్టర్ మెట్ల దాకా వచ్చి ఆగిపోయారు. నేను గేటు మీద రెండు చేతులతో బీట్ కొట్టాను. ఇన్నేళ్లయినా తప్పలేదు.

ఫిబ్రవరి 21
నిన్న ఆ తుమ్ము వినపడగానే, లోపల కుర్చీలో ఉన్న అత్త, చిరంజీవ బిడ్డా అన్నదట. ప్రతి తుమ్ముకూ అన్నదట.