బస్టాండు చెట్ల మీది గోరింకలు

పొదిలి,
18 ఫిబ్రవరి 2002.

సర్దార్‌బీకి,

సలాం. అందరం క్షేమం అన్న మాటతోనే ఉత్తరం మొదలుపెట్టాలని మా నాన్న నేర్పాడు కాబట్టి రాస్తున్నాను. జ్వరాలూ నొప్పులూ ఎవరికీ లేవు, అంతవరకు క్షేమమే. కువైట్‌లో నువ్వు వేళకి తింటున్నావని, ఆ ఇంటి మేడమ్ నిన్ను సూటిపోటి మాటలు అనడం తగ్గించిందని అనుకుంటాను. నీ ఉత్తరం మంగళవారం చేరింది. జవాబు రాయడానికి ఆరు రోజులు పట్టింది. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

మన నజ్మీన్ బడికి పోతోంది. లెక్క తప్పితే టీచరు కొట్టిందని మొన్న ఒకటే ఏడుపు. దెబ్బకి కాదు, ఆదాం మామ గుర్తొచ్చి ఏడ్చింది. మీ అమ్మ ఎలా ఉందని అడిగావు. అత్త రోజుకి ఒక్క పూట తింటోంది. గట్టిగా చెబితే, "నా బిడ్డ మట్టిలో ఉంటే నాకు ముద్ద ఎట్టా దిగుద్దయ్యా?" అంటోంది.

గోరింకలు ఇంకా వస్తున్నాయా అని అడిగావు. వస్తున్నాయి. నువ్వు వెళ్లిన ఏడాది వందల్లో ఉండేవి, ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. పగలంతా జొన్నచేల మీద పడి మేస్తాయి. పొద్దు వాలేసరికి నాలుగు దిక్కుల నుంచీ బస్టాండుకి చేరతాయి. కళ్లంలో తూర్పారబడితే పొట్టు లేచినట్టు లేచి, రెండు మూడు చుట్లు తిరిగి, ఒక్కసారిగా చెట్ల మీద దిగుతాయి. ఆ గోలకి కండక్టరు అరుపు కూడా వినపడదు. ఊరి బయట అన్ని చెట్లుండగా ఈ పొగలోకి, ఈ హారన్లలోకి ఎందుకొస్తాయో! లైట్లుంటే గుడ్లగూబ దగ్గరికి రాదు సాయిబూ అని, వల వేసి వీటిని పట్టే పేరయ్య అనేవాడు. మనుషులున్న చోటే భద్రం అనుకున్నాయి, పిచ్చి ముండలు.

రెండు చెట్లు కొట్టించారు. దాంతో ఇప్పుడు కరెంటు తీగల మీద కూర్చుంటున్నాయి. కింద షాపుల వాళ్లకి రెట్టల బాధ అట్లాగే ఉంది. మేడ మీద జొన్నల్లో పత్తి పురుగుల మందు కలిపి పోసింది వాళ్లలో ఎవరో ఒకరే. ఎవరన్నది ఇంతవరకూ తేల్లేదు. తేల్చాల్సిన అవసరం పోలీసులకీ లేదు, పేరయ్య దొరికాడుగా.

మన పిట్టల వేపుడు బండి పెరట్లో బోర్లా పడి ఉంది. పేరయ్య వల వేసి తెచ్చేవాడు, నేను బిస్మిల్లా చెప్పి కోసేవాణ్ని, నీ తమ్ముడు ఆదాం వేయించేవాడు. మాబు సాహెబ్ కోశాడంటే కళ్లు మూసుకుని తినొచ్చు అని జనం ఒంగోలు బస్సు వదిలేసి మరీ మన బండి దగ్గర నిలబడేవాళ్లు. ఆ మాటకి నేనెంత పొంగిపోయేవాణ్నో నీకు తెలుసు. అయిదు రోజుల్లో బక్రీదు. పొట్టేలు కోసిపెట్టమని ఇప్పటికి ముగ్గురొచ్చారు. ఇక కత్తి పట్టనని చెప్పి పంపాను. పాపం, బావమరిది పోయిన దుఃఖం అనుకుని వెళ్లారు.

"పేరయ్యని మాత్రం వదలొద్దు, మందు తిన్న పిట్టలని తెలిసి తెచ్చాడు, నా తమ్ముణ్ని చంపాడు" అని రాశావు. ఆ వాక్యం కింద గీత కూడా గీశావు. పేరయ్య నలభై రోజులుగా జైల్లో ఉన్నాడు. పోయిన శుక్రవారం అతని భార్య బసవమ్మ మన గడప దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మాబు సాయిబూ, మా ఆయన ఆ పొద్దు నీతో ఒక మాట చెప్పాడంట. చెప్పాడా లేదా? ఆ ఒక్క ముక్కా టేషన్లో చెప్పవయ్యా, నీ కాళ్లు పట్టుకుంటా."

నేను నోరు తెరిచేలోగా అత్త చీపురు తీసుకుని వచ్చింది. "నా కొడుకుని తిన్నది చాలక ఇంటి మీదికొచ్చావంటే!" అని తరిమింది. బసవమ్మ వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే పోయింది. నేను మాత్రం గడప దాటలేదు.

నిన్న ఆదాం నలభయ్యో రోజు ఫాతెహా చేశాం. పోయినవాడికి ఇష్టమైనవి వండాలి కదా. అత్త ఖీర్ చేసింది. తర్వాత కోడి కందనకాయలు ఏరి తెప్పించి, వాడు వేయించినట్టే మిరియాలేసి వేయించింది. దువా అయ్యాక ఆ పళ్లెం తెచ్చి నా ముందే పెట్టింది. "వాడికి కంచంలో తోడు నువ్వే. ముందు నువ్వు ముట్టుకో నాయనా" అంది. చుట్టాలందరూ చూస్తున్నారు. లేచి పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాను. దుఃఖం తట్టుకోలేక అని అందరూ నన్ను ఓదార్చారు.

సర్దార్‌బీ, ఇక దాచను. పేరయ్య నిజంగానే చెప్పాడు. ఆ రోజు అతను తెచ్చిన వాటిలో సగం వలలో పడ్డవి కావు. "ఇయ్యి చెట్టు కింద వాటంతటవే పడ్డయి సాయిబూ, తూలతన్నయి. నాకు మనసొప్పలేదు, నువ్వు చూసి చెప్పు. వద్దంటే పూడ్చిపెడతా" అన్నాడు. చేతిలోకి తీసుకుని చూశాను. మెడ నిలవడం లేదు, ముక్కుల్లో నురగ. నాకు మా నాన్న నేర్పింది రెండే: కోసేటప్పుడు ప్రాణం ఉందా, నెత్తురు పారిందా. గుండె కొట్టుకుంటోంది. ఒకదాన్ని కోస్తే నెత్తురు పారింది. "హలాలే, దించు" అన్నాను. అన్నీ నేనే కోశాను. కోసిన ప్రతిదాని మీదా దేవుడి పేరు చెప్పాను.

వాసన వచ్చింది. పత్తి మందు వాసన ఈ ప్రాంతంలో పసిపిల్లలకి కూడా తెలుసు. చేలల్లో కొడుతున్నారు కదా, ఈకలకి అంటుకుని ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకుని, రెండుసార్లు కడిగాను. మరునాడు పోలీసులు అడిగితే, అన్నీ వలలో పడ్డ హుషారైన పిట్టలేనని, పేరయ్య ఏమీ చెప్పలేదని సంతకం పెట్టాను. భయపడ్డాను. నా కోత మీద ఊరు పెట్టుకున్న నమ్మకం పోతుందని, అత్త మొహం చూడలేనని, నజ్మీన్‌ని హంతకుడి కూతురంటారని.

రేపు పొద్దున్న అత్తకి చెప్పి, బసవమ్మని వెంటబెట్టుకుని స్టేషన్‌కి పోతాను. రాసిచ్చింది అబద్ధమని చెబుతాను. ఈ ఉత్తరం ముందే పోస్టు డబ్బాలో వేసి పోతాను, దార్లో మనసు మారినా నీకు తెలిసిపోతుంది. నువ్వు వదలొద్దని గీత గీసి రాసింది నన్ను గురించే అనుకో. నజ్మీన్‌ని అత్త చూసుకుంటుంది. దాని మీద కోపం పెట్టుకునే మనిషి కాదు.

"మా తమ్ముడూ నువ్వూ రోజూ ఒకే పళ్లెంలో తినేవాళ్లు, నిన్నయినా అల్లా నాకు మిగిల్చాడు" అని చివర్లో రాశావు. దానికి మాత్రం జవాబు రాయకుండా ముగించేద్దామనుకున్నాను. కుదరడం లేదు.

ఆ రోజు ఎనిమిది మంది తిన్నారు. వాంతులయ్యాయి, బతికారు. వాళ్లు తిన్నది కండ. కందనకాయలు మనం అమ్మం కదా, బండి కట్టేసే ముందు నేనూ వాడూ వేయించుకుని తినేవాళ్లం. ఆ పిట్టలు మింగిన జొన్నలన్నీ ఉండేది ఆ కందనకాయల్లోనే. ఆదాం పళ్లెం నా ముందు పెట్టి, "తీసుకో బావా" అన్నాడు. నాకా వాసన మళ్లీ తగిలింది.

"పన్ను నొప్పిగా ఉందిరా, మొత్తం నువ్వే తినెయ్" అన్నాను.

నాకు పన్ను నొప్పి లేదు. తినొద్దంటే, మరి ఆ ఎనిమిది మందికి ఎందుకు పెట్టావు బావా అని అడుగుతాడు. ఆ ప్రశ్నకి భయపడి, వాడు ఒక్కొక్కటీ నములుతుంటే ఎదురుగా కూర్చుని చూశాను. బాగున్నాయి బావా అన్నాడు. ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోతుంటే, చీమకుర్తి దాటకముందే కారులో నా ఒళ్లోనే పోయాడు.

ఇట్లు,
నీ తమ్ముడు బావా అని పిలిచిన
మాబు సాహెబ్.