పళ్ళు తినని పిల్లలు

మంగళవారం, జిల్లా ఆరోగ్యశాఖ ఆఫీసు నుంచి

అక్కగారి సముఖానికి చెల్లెలు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేను క్షేమమని రాయాలి. కానీ కాలు నిలవక, లేచి తిరుగుతూ, మళ్ళీ కూర్చుంటూ రాస్తున్నాను.

నువ్వు ఫోను ఎత్తడం లేదు. తోడబుట్టిందే వంటగదిలోంచి గెంటేశాక ఇంకా మాటలేమిటని బావతో అన్నావట. గెంటలేదక్కా. హాస్టల్లో అంతమంది పిల్లలు టైఫాయిడ్‌తో మంచాన పడితే, వంటవాళ్ళందరికీ పరీక్షలు చేయించి, ఫలితం వచ్చేదాకా గరిట పట్టొద్దన్నాను. అందులో నువ్వుండటం నా ఖర్మ.

జ్వరమొచ్చినవాళ్ళను వదిలేసి, గుండ్రాయిలా ఉన్న పిల్లల్ని పట్టుకుని ఏం తిన్నారని అడుగుతోంది, దీనికి మతి పోయిందా అని కూడా అన్నావట. నా ఉద్యోగమంతా అక్కడే ఉంది. పడ్డవాళ్ళనే అడిగితే అన్నం తిన్నాం, నీళ్ళు తాగాం అంటారు. బాగున్నవాళ్ళూ అదే అంటారు. తేడా తేలింది ఆదివారాలు కోసిపెట్టే పళ్ళ దగ్గర. పడ్డవాళ్ళలో దాదాపు అందరూ అవి తిన్నారు, బాగున్నవాళ్ళలో చాలామంది ముట్టలేదు. అందరూ నీళ్ళమీద వేసిన నింద అక్కడితో పోయింది. కూర పొయ్యిమీద ఉడుకుతుంది, పళ్ళు ఉడకవు. కోసిన చేతికి ఏముంటే అదే నోట్లోకి పోతుంది. ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి తగ్గిన మనిషి ఒంట్లో, పైకి ఏమీ తెలియకుండానే, ఆ క్రిమి ఏళ్ళ తరబడి కాపురం పెట్టొచ్చు.

నాకు జన్మలో జ్వరం రాలేదని వార్డెన్‌మీద విరుచుకుపడ్డావట. నమ్ముతాను. నమ్మకాన్ని లెక్కలో వేయలేను, అంతే. అందరిలోకీ చిన్నపిల్ల ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. నువ్వు రోజూ వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి వస్తున్నావని నర్సు చెప్పింది. అది విన్నప్పటినుంచి నాకు తిండి సయించడం లేదు.

వచ్చి తిట్టు. పలక్కుండా మాత్రం ఉండకు.

నీ చెల్లెలు

తా.క. కవరు అంటిస్తుంటే ల్యాబ్‌నుంచి ఫోను వచ్చింది. నీలో ఏమీ లేదు, మిగతా వంటవాళ్ళలోనూ లేదు. ఉత్తరంలో రాయలేనిది ఇప్పుడు రాస్తాను. ఆదివారాలు నీ దగ్గరికొచ్చి, కబుర్లు చెబుతూ పళ్ళు కోసింది నేనే కదా. చేయి పెట్టినవాళ్ళందరినీ రాసుకున్నాను, అడిగే మనిషిని రాసుకోవాలని తోచలేదు. ఆలస్యంగా గుర్తొచ్చి నా నమూనా కూడా ఇచ్చాను. క్రిమి నాలో ఉందక్కా. చిన్నప్పుడు నువ్వు పక్కన కూర్చుని తగ్గించిన జ్వరం తాలూకుదే అయ్యుండాలి. వార్డెన్‌కి చెప్పేశాను, రేపటినుంచి గరిట నీదే. ఎవరివల్ల వచ్చిందని ఆసుపత్రిలో ఉన్న ఆ చిన్నపిల్ల తల్లి అందరినీ అడుగుతోందట. నువ్వేం చెప్పకు, నేనే వెళ్తున్నాను.