ఫ్లాపులు ఎత్తేటప్పుడు

హైదరాబాదు,
మంగళవారం.

నాన్నగారికి కృపావతి వందనములు. నేను నడపడం నేర్చుకుంటున్న విమానం కూలిందని నందిగామలో ఎవరో మీకు చెప్పారట, వెంటనే ఇంటికి వచ్చెయ్యమని రాశారు. కూలలేదండి. నాకు దెబ్బేమీ తగల్లేదు.

జరిగింది ఇది. రెక్కల వెనక అంచున ఫ్లాపులనే రేకులుంటాయి. వాటిని కిందికి వాలిస్తే విమానం తక్కువ వేగంలో కూడా గాలిలో నిలబడి, నెమ్మదిగా దిగుతుంది. అలా దిగబోతుంటే ఎదురుగా రన్‌వే మీదికి గేదె వచ్చింది. మళ్లీ పైకి లేవాలని ఇంజను జోరు పెంచి, కంగారులో ఫ్లాపులన్నీ ఒక్కసారే ఎత్తేశాను. విమానం చటుక్కున కిందికి కుంగింది. వెనక సీట్లోని మాస్టారు దాన్ని సర్ది, "అంతా ఒకేసారి తీసేస్తే ఇహ దీన్ని మోసేదేముందమ్మా? వేగం అందుకున్నాక కొంచెం కొంచెంగా ఎత్తు," అన్నారు. సాయంత్రం దాకా అదే చేయించారు. ఇప్పుడు చెయ్యి తడబడటం లేదు.

లైసెన్సు చేతికి రాకుండా మన జగ్గయ్యపేట రాను. నా నీలం స్వెట్టరు చెల్లి రత్నమణి చేత పార్సిలు చేయించండి, పైన చలిగా ఉంటోంది. మిరపతోటకు తెగులు తగ్గిందా? అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి?

శనివారం నన్ను ఒంటరిగా ఎగరమన్నారు. ప్రార్థనలో నన్ను ఇంటికి రప్పించమని కాకుండా, క్షేమంగా దింపమని అడగండి.

మీ కుమార్తె,
కృపావతి