10.05 కాదు, 8.45

అమీర్‌పేట,
3-7-2006.

మెడికల్ సూపరింటెండెంటు గారి సముఖమునకు,
కుసుమహరి హాస్పిటల్, పంజగుట్ట.

అయ్యా,

విషయం: నా భార్య కీ.శే. ఉదయలక్ష్మి తమ ఆసుపత్రికి చేరిన వేళను రిజిస్టరులో సరిచేయుట గురించి.

మాసబ్ ట్యాంక్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేయుచున్న నేను విన్నవించుకొనునది:

1. గత నెల 12వ తేదీ, సోమవారం ఉదయం నా భార్యకు ఛాతీలో నొప్పి, ఒళ్ళంతా చెమటలు. ఎనిమిదిన్నరకు ఆటో ఎక్కితిమి. ఆటో అతను "జర సైడియ్యి భాయ్" అని దారంతా అరుస్తూ పదిహేను నిమిషాల్లో తమ గేటు ముందు దింపినాడు. అనగా 8.45.

2. చీటీ రాయించుకున్నాకనే లోపలికి అని వాచ్‌మన్ అన్నందున, ఆమెను బెంచీపై కూర్చోబెట్టి నేను చీటీల కిటికీ ముందు వరుసలో నిలిచితిని. సోమవారం కదా, జనం. నా వంతు 10.05కు వచ్చినది. రిజిస్టరులో రోగి చేరిన వేళ అదే. 10.10కి ఇంజక్షన్ ఇచ్చిరి. వచ్చిన ఐదు నిమిషాల్లో చికిత్స మొదలైనదని తమవారు మాకిచ్చిన కాగితంలో రాసినది చీటీ ప్రకారం సరియే.

3. 10.40కి ఆమె చనిపోయినది. "ఒక గంట ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళం" అని డాక్టరు గారు అన్నారు. గంట ముందు ఆమె బెంచీ మీదనే ఉన్నది.

4. ఆ కాగితం మా అమ్మాయి భావన చదివినది. "ఎనిమిదిన్నరకి బయల్దేరామన్నారు. పదింటిదాకా ఎక్కడున్నారు నాన్నా? ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టొచ్చారు కదూ?" అన్నది. వరుసలో ఉన్నానని చెప్పితిని. నమ్మలేదు. ఇప్పుడు కంచంలో అన్నం పెట్టి, నేను కూర్చునేలోపే లోపలికి పోతుంది.

5. సాక్షి, తమ ఆయా మంగవ్వ. ఆమె నా దగ్గరకు వచ్చి, "సార్, అమ్మకు పానం మంచిగ లేదు. గీ లైన్ ఇడిచిపెట్టి లోపలికి తీస్కపోరాదు? ఎవలేమంటరు?" అన్నది. "ముందు వాళ్ళున్నారమ్మా" అంటిని. ముప్పై ఏళ్ళుగా నా టేబుల్ దగ్గరకు వరుస తప్పి వచ్చినవారిని వెనక్కి పంపినవాడను.

కావున 10.05 కొట్టివేసి 8.45 అని రాసి, సంతకము, ముద్రతో నకలు ఇప్పించగోరెదను. తమపై కేసు వేయను. కాగితం చూస్తే అమ్మాయి నమ్ముతుంది.

చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పి. చలపతిరావు

తా.క.: వరుసలో నా ముందు ఇంకా ఇద్దరే ఉన్నప్పుడు నా భార్య బెంచీ మీది నుంచి "ఏవండీ" అని పిలిచింది. వంతు పోతుందని, అక్కడి నుంచే చేత్తో ఆగమన్నాను. మళ్ళీ పిలవలేదు. ఇది అమ్మాయికి చెప్పలేదు, నా నోటితో చెప్పలేను. మంగవ్వ చూసింది. ఆ నకలులోనే ఆమె చేత అది కూడా రాయించండి.