సగం మాత్ర వద్దు

ఏమండీ, స్కాన్‌కు బయలుదేరే గంట ముందు డాక్టరిచ్చిన మాత్ర మొత్తం వేసుకోండి. బండి తీయకండి. కొట్టులో సరుకు దించుకుని నేను ఆటో తెస్తాను.

పోయినసారి మాత్ర విరిచి, "మిగతాది నీ మోకాలి స్కాన్‌కి పనికొస్తుందిలే" అని దాచారు. సగం మాత్రకు సగం ధైర్యమే వచ్చింది, మధ్యలోనే మిషన్‌లోంచి లేచొచ్చేశారు. ఇవాళా అంతే అయితే మీ తలనొప్పి ఏమిటో తేలదు. నాకు భయంగా ఉంది.

కొట్టు పెట్టిన కొత్తలో ఒక్క టీ తెప్పించి, బొత్తాల డబ్బాల వెనక ఇద్దరం తాగేవాళ్ళం. ఎక్కువ నా గ్లాసులో పోసి, "నాకు టీ పెద్ద ఇష్టం లేదులే" అనేవారు. ఇన్నేళ్ళ వ్యాపారంలో అంత లాభం మళ్ళీ చూడలేదు. ఈ మాత్ర ఒక్కటీ నాకు పంచకండి.

మాత్ర వేసుకుంటే మగతగా ఉంటుందట. తలుపు గడియ పెట్టకండి, నేనొచ్చి లేపుతాను.